ఒక స్టంటా, రెండా: గుండె నాళం చీలే చోట బ్లాకు ఉంటే

మిర్యాలగూడ నుంచి మీరు అడిగింది ఇదీ. మీ నాయనకు 58 ఏళ్లు, రైసు మిల్లులో గుమస్తా, పదేళ్లుగా షుగర్ ఉంది. రెండు నెలలుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది, ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతోంది. యాంజియో తీస్తే గుండె ముందు భాగానికి రక్తం తెచ్చే పెద్ద నాళం ఎల్ఏడీ నుంచి, దాని పక్క కొమ్మ డయాగనల్ చీలే చోట బ్లాకు కనిపించింది. రిపోర్టులో ‘మెడీనా 1,1,1, డయాగనల్ 2.5 మిల్లీమీటర్లు’ అని రాశారు. మిగతా రెండు నాళాల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. నల్లగొండలో చూసిన డాక్టరు ఒక స్టంటు చాలన్నారు. హైదరాబాద్ వెళితే అక్కడి డాక్టరు రెండు వేయాలి, అదీ డీకే క్రష్ పద్ధతిలో అన్నారు (అదేమిటో కింద చెబుతాను). మీ బావేమో రెండంటే డబ్బు గుంజడానికే అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

నాళాన్ని తెరిచి ఉంచే ఆ జల్లెడ గొట్టాన్ని పుస్తకాల్లో స్టెంటు అంటారు గానీ మన జిల్లాలో అందరూ స్టంటే అంటారు. నేనూ అలాగే రాస్తాను. ఇరవై రెండేళ్లుగా క్యాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియోలు తీసి స్టంట్లు వేసే గదిలో, ఇదే పని చేస్తున్నాను, మాది దేవరకొండ వైపు. మీరు రాసింది చదివితే ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తప్పు చెప్పినట్టు నాకు అనిపించలేదు. మీరు రాసిన వివరాల్లో ఒక కొలత లేదు. డయాగనల్ లోపలికి బ్లాకు ఎంత పొడవున పాకింది? ఒకటా రెండా అన్నది చాలావరకు దాని మీదే తేలుతుంది. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

మీరు సాగర్ ఎడమ కాలువ కింది వాళ్లు. పెద్ద కాలువ నుంచి మేజరు చీలే చోట ఒండ్రు ఎక్కడ పేరుకుంటుందో చూసే ఉంటారు. నీళ్లను రెండుగా చీల్చే ముక్కు దగ్గర ప్రవాహం జోరుగా కొట్టుకుంటుంది, అక్కడ మట్టి నిలవదు. దానికి ఎదురుగా ఉండే గట్ల వెంట నీళ్లు మందంగా తిరుగుతాయి, ఒండ్రు అక్కడ కూర్చుంటుంది. గుండె నాళాల్లోనూ అంతే. కొవ్వు ముక్కుకు ఎదుటి గోడల మీద పేరుకుంటుంది. ముక్కును కెరైనా అంటాం, అది సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది. చీలికలంటే మాకు ఇంత పని పడటానికి కారణం ఇదే. మేం వేసే స్టంట్లలో ప్రతి ఐదారింటికి ఒకటి ఇలాంటి చోటే వేయాల్సి వస్తుంది.

మెడీనా అంటే స్పెయిన్ డాక్టరు పేరు. 2006లో ఆయన పెట్టిన మూడంకెల గుర్తు అది. మొదటి అంకె చీలికకు ముందున్న పెద్ద నాళం, రెండోది చీలిక దాటాక అదే నాళం, మూడోది పక్కకు వెళ్లే బ్రాంచి. ఎక్కడ సగానికి మించి బ్లాకు ఉంటే అక్కడ 1, లేకపోతే 0. మీ నాయనకు మూడు చోట్లా ఉంది కాబట్టి 1,1,1. గుర్తుగా ఇది బాగానే ఉంటుంది గానీ పొడవు చెప్పదు, సున్నం (కాల్షియం) పేరుకుందా లేదా చెప్పదు, రెండు కొమ్మల మధ్య కోణం చెప్పదు. నిర్ణయానికి కావాల్సిన మూడు సంగతులూ అందులో లేవు. 1,1,1 అని చూసి రెండు స్టంట్లు తప్పవని భయపడే కుటుంబాలను నేను ప్రతి వారం చూస్తాను.

ముందు ఒక స్టంటు పద్ధతి. దీన్ని ప్రొవిజనల్ అంటారు. అంటే ఒక స్టంటుతో మొదలుపెట్టి, అవసరమైతేనే రెండోది వేస్తారు. రెండు నాళాల్లోకీ వెంట్రుక లాంటి వైర్లు పంపుతాం. ఎల్ఏడీలో స్టంటు తెరుస్తాం, అది డయాగనల్ మూతి మీదుగా వెళుతుంది. డయాగనల్లో ఉన్న వైరు స్టంటుకూ గోడకూ మధ్య నొక్కుకుపోతుంది. స్టంటు తెరవగానే ముక్కు పక్కకు జరిగి డయాగనల్ మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఆ క్షణంలో దారి చూపేది ఆ వైరే, అందుకే దాన్ని అక్కడ వదులుతాం. దాన్ని బయటికి లాగేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వైరు ఇటు లాగుతుంటే, వైర్లు పంపే గొట్టం గైడ్ క్యాథెటర్ అటు గుండె వైపు దూసుకుపోతుంది, దాన్ని రెండో చేత్తో వెనక్కి పట్టుకోవాలి. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే.

తర్వాతి మెట్టు పాట్. పొట్టి, గట్టి బెలూన్‌తో చీలికకు ముందున్న స్టంటు భాగాన్ని ఇంకా వెడల్పు చేయడం. ఎందుకంటే చీలికకు ముందు నాళం ఎప్పుడూ లావుగా ఉంటుంది. బోరు పైపుకు టీ వేసి రెండు లైన్లు తీస్తే, రెడ్యూసర్ పెట్టి సన్న పైపులు కలుపుతారు కదా, అలా. దీనికి ఒక లెక్క కూడా ఉంది. రెండు కొమ్మల సైజు కలిపి 0.678తో గుణిస్తే కాండం సైజు వస్తుంది. ఎల్ఏడీ 3, డయాగనల్ 2.5 అనుకుంటే, చీలికకు ముందు నాళం దాదాపు 3.7 మిల్లీమీటర్లు. 3 సైజు స్టంటు వేసి పాట్ చేయకుండా వదిలేస్తే పైభాగం గోడకు అంటుకోదు, తేలుతూ ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఒకటా రెండా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. పాట్ చేస్తారా అని మాత్రం ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు.

స్టంటు తెరిచాక డయాగనల్ మూతి ఫోటోలో భయంకరంగా కనిపిస్తుంది. కుర్ర డాక్టర్ల చేతులు అప్పుడే దురద పెడతాయి. 2005లో కొరియా వాళ్లు ఇలా నొక్కుకుపోయిన బ్రాంచీల్లో ప్రెజర్ వైర్ పెట్టి రక్తప్రవాహాన్ని కొలిచారు. ఫోటోలో 75 శాతానికి మించి మూసుకున్నట్టు కనిపించిన వాటిలో నిజంగా రక్తం తగ్గినవి నాలుగో వంతు కంటే కొంచెమే ఎక్కువ. 75 శాతం లోపు కనిపించిన ఒక్క బ్రాంచిలో కూడా సమస్య లేదు. కంటికి కనిపించేదంతా బ్లాకు కాదన్న సంగతి నాకు అలా ఒంటబట్టింది. ఆ తర్వాత నేను వేసిన రెండో స్టంట్లు బాగా తగ్గాయి.

పోలిక చూసిన పెద్ద అధ్యయనాల్లో మొదటివి కూడా అటే మొగ్గాయి. 2006లో నార్డిక్ దేశాలది, 413 మంది. 2010లో బ్రిటన్ వాళ్లది, 500 మంది. రెండు స్టంట్లు ముందే వేయడం వల్ల మొదటి దాంట్లో అదనపు లాభం కనిపించలేదు. రెండో దాంట్లో ఇంకా ఇబ్బందులే పెరిగాయి. పని ఎక్కువ సేపు పట్టింది, నాళాలు ఫోటోలో కనిపించడానికి ఎక్కించే డై ఎక్కువ పోయాల్సి వచ్చింది. డై కిడ్నీల మీద భారం, షుగర్ ఉన్న మనిషికి అది ఎంత పోస్తున్నామన్నది చిన్న విషయం కాదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మీ నాయనకు ఎంతో మీరు రాయలేదు, చూసుకోండి.

ఇక రెండు స్టంట్లు. ఇందులో రకాలు బోలెడు. మీకు అన్నీ అక్కర్లేదు గానీ నాలుగు మాటలు తెలిస్తే డాక్టరు చెప్పేది అర్థమవుతుంది.

టీ పద్ధతి పేరులోనే ఉంది, టీ జాయింటు లాగా. బ్రాంచి 90 డిగ్రీల్లో చీలితే చక్కగా కుదురుతుంది. ఏటవాలుగా చీలితే మాత్రం మూతి దగ్గర ఒక పక్క సందు మిగిలిపోతుంది, ఆ సందులోనే మళ్లీ బ్లాకు వస్తుంది. ఆ సందు పడకుండా స్టంటును పెద్ద నాళంలోకి కొంచెం పొడుచుకొచ్చేలా పెడితే దాన్ని టాప్ అంటారు. ఒకదానితో మొదలుపెట్టి మధ్యలో రెండోది అవసరమైతే నా చేయి మొదట దీని మీదికే పోతుంది.

కులాట్ అంటే ఫ్రెంచి భాషలో లాగు. రెండు కాళ్లకూ రెండు స్టంట్లు, నడుము దగ్గర ఒకదాని లోపల ఒకటి. రెండు కొమ్మలూ ఇంచుమించు ఒకే లావున్నప్పుడు బాగుంటుంది. 3 సైజు ఎల్ఏడీకి 2.25 డయాగనల్ తగిలిస్తే ఒక కాలు పెద్దది, ఒక కాలు చిన్నది అయినట్టే.

క్రష్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మీకు చెప్పింది దీని కొత్త రూపం, నా చేతులు కాలింది దీని పాత రూపంతోనే. పాత క్రష్ ఇలా ఉంటుంది. డయాగనల్లో స్టంటు వేసి, దాని తల ఎల్ఏడీలోకి కొంచెం పొడుచుకొచ్చేలా ఉంచుతాం. తర్వాత ఎల్ఏడీలో రెండో స్టంటు తెరిచి, ఆ పొడుచుకొచ్చిన తలను గోడకేసి నలిపేస్తాం. చివర్లో నలిగిన ఇనుప జల్లెడలోంచి డయాగనల్లోకి మళ్లీ వైరు దూర్చి, రెండు బెలూన్లు పక్కపక్కన ఒకేసారి ఉబ్బించాలి. దీన్నే కిస్సింగ్ అంటాం. ఆ పేరు విని బంధువులు నవ్వు ఆపుకుంటారు, నవ్వినా ఫర్వాలేదు గానీ ఈ మెట్టు తప్పితే మొత్తం పని దండగ.

2007 ప్రాంతంలో కల్వకుర్తి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ఇదే ఎల్ఏడీ, డయాగనల్. క్రష్ చేశాను. రెండు స్టంట్లూ అద్దంలా కనిపించాయి. కిస్సింగ్ కోసం వైరు పంపితే దూరలేదు. వైరు మార్చాను, కొన వంపు మార్చాను, నలభై నిమిషాలు. వైరు ఒకసారి దూరింది, దాని మీద బెలూన్ ఎక్కలేదు. ఆయన బల్ల మీద పడుకుని ‘సారూ, నడుము పడిపోతంది, ఇగ అయిందా?’ అని అడుగుతున్నాడు. అయిందన్నాను. చివరి ఫోటో బాగానే ఉంది కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. తొమ్మిది నెలలకు ఆయన అదే నొప్పితో మళ్లీ వచ్చాడు. డయాగనల్ మూతి సూది మొనంత మిగిలింది. ఆ కేసుకు అసలు రెండో స్టంటు అక్కర్లేదని ఇప్పుడు ఆ ఫిల్మ్ చూస్తే తెలుస్తుంది. డయాగనల్లో బ్లాకు 5 మిల్లీమీటర్లు కూడా లేదు.

ఆ దూరని వైరుకు చైనాలోని నాన్‌జింగ్ డాక్టర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. డయాగనల్ స్టంటును ముందు ఒట్టి బెలూన్‌తో నలపాలి. ఎల్ఏడీ స్టంటు వేయకముందే, ఒక పొర మాత్రమే ఉన్నప్పుడే, వైరు దూర్చి ఒకసారి కిస్సింగ్ చేయాలి. మూతి అప్పుడే తెరుచుకుంటుంది. తర్వాత ఎల్ఏడీ స్టంటు, పాట్, మళ్లీ వైరు, రెండో కిస్సింగ్, చివర ఇంకో పాట్. రెండుసార్లు కిస్సింగ్ కాబట్టి డబుల్ కిస్, డీకే. 2008లో వాళ్లు పాత క్రష్‌తో పోల్చి చూపించారు. చివరి కిస్సింగ్ పాత పద్ధతిలో నూటికి 76 మందికే కుదిరింది, డీకేలో అందరికీ కుదిరింది. అది చదివినప్పుడు కల్వకుర్తి రైతు గుర్తొచ్చాడు.

2011లో 370 మందితో డీకేను ఒక స్టంటు పద్ధతితోనే పోల్చారు. ఏడాదిలో అదే చోట మళ్లీ పని పడింది డీకేలో 4.3 శాతం మందికి, ఒక స్టంటులో 13 శాతం మందికి. 2017లో, ఎల్ఏడీ పుట్టే మొదలైన లెఫ్ట్ మెయిన్ చీలిక మీద 482 మందితో చూస్తే, ఇబ్బంది (ఆ నాళం వల్ల ఎటాక్, అదే చోట మళ్లీ పని, గుండె జబ్బుతో మరణం) డీకేలో 5 శాతం మందికి, ఒక స్టంటులో 10.7 శాతం మందికి. హైదరాబాద్ డాక్టరు మాట వెనక ఉన్నవి ఈ అంకెలే, ఆయన గాలిలోంచి తెచ్చింది కాదు.

కానీ 2021లో యూరప్ వాళ్లు అదే లెఫ్ట్ మెయిన్ మీద 467 మందితో చేస్తే ఫలితం వేరేలా వచ్చింది. ఒకదానితో మొదలుపెట్టిన వాళ్లలో 14.7 శాతం మందికి ఇబ్బంది వచ్చింది, ముందే రెండు వేసిన వాళ్లలో 17.7. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదు. ఒకదానితో మొదలైన వాళ్లలో 22 శాతం మందికి చివరికి రెండోది వేయాల్సి వచ్చింది, అంటే మిగతా 78 శాతం మంది దాన్ని తప్పించుకున్నారు.

మరి చైనాలో ఒకలా, యూరప్‌లో ఒకలా ఎందుకు? చైనా వాళ్ల చేయి తిరిగిన పద్ధతి డీకే, యూరప్‌లో రెండు స్టంట్లంటే కులాట్, టీ, టాప్ అన్నీ కలిసి ఉన్నాయి. అదొక కారణం. నా దృష్టిలో అసలు కారణం వేరు. చైనా రోగుల్లో బ్రాంచి లోపల బ్లాకు సగటున 16 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. యూరప్ వాళ్లలో 7 దగ్గర. మూతి దగ్గర కొంచెం ఉన్న బ్లాకుకూ, లోపలికి బారుగా పాకిన బ్లాకుకూ ఒకే మందు వేసి ఏది గెలిచిందని అడిగితే రెండు జవాబులు రాక మానవు. 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం దీన్ని దాదాపు తేల్చింది. బ్రాంచిలో బ్లాకు కనీసం 10 మిల్లీమీటర్లు ఉండి, ఎల్ఏడీ లాంటి చోట్ల 90 శాతం మూసుకుని ఉండి, దానికి తోడు సున్నం, కోణం, రక్తపు గడ్డ లాంటి చిక్కులు కనీసం రెండు ఉన్న 653 మందినే ఏరి తీసుకున్నారు. వాళ్లలో ముందే రెండు వేస్తే ఏడాదిలో ఇబ్బంది 6.1 శాతం మందికి, ఒకదానితో మొదలుపెడితే 11.4 శాతం మందికి. చిక్కైన చీలికకు రెండు అన్నది అలా నిలబడింది.

ఇప్పుడు మూడో దారి కూడా ఉంది. ఎల్ఏడీలో స్టంటు వేసి, డయాగనల్ మూతిని మందు పూసిన బెలూన్‌తో తెరిచి వదిలేయడం. 2024లో 784 మందితో చూస్తే, మామూలు బెలూన్‌తో 12.5 శాతం మందికి ఇబ్బంది వస్తే మందు బెలూన్‌తో 7.2 శాతం మందికే వచ్చింది. అక్కడా బ్రాంచిలో బ్లాకు పొడవు 10 మిల్లీమీటర్ల లోపే. మీ నాయనకు ఇది సరిపోవచ్చు, అడగండి.

మీ బావ మాట గురించి. స్టంటు ధర లక్ష దాటే రోజుల్లో ఆ అనుమానానికి అర్థం ఉండేది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు స్టంటుకు 29,600 రూపాయల పరిమితి పెట్టింది, తర్వాత కొంచెం పెరిగింది. ఇప్పుడు రెండో స్టంటు మీద వచ్చే మిగులు కంటే ఆ పనికి పట్టే గంటన్నర, నాలుగైదు బెలూన్లు, డాక్టరు నడుము నొప్పి ఎక్కువ. డబ్బు కోసం చేసేవాళ్లు లేరని అనను. కానీ డీకే క్రష్ పేరు చెప్పి అన్ని మెట్లూ చేసే డాక్టరు సులువైన దారి వెతుక్కునే మనిషి కాదు. ఆరోగ్యశ్రీలో చేయిస్తుంటే ఎన్ని స్టంట్లకు, ఎన్ని బెలూన్లకు అనుమతి వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడిగి పెట్టుకోండి. బల్ల మీద పడుకున్నాక అడిగే ప్రశ్న కాదది.

నిజంగా డబ్బు ఖర్చు పెట్టదగ్గది ఒకటుంది. నాళం లోపలికి కెమెరా లాంటి తీగ పంపి స్టంటు గోడకు అంటుకుందో లేదో చూసే ఓసీటీ. 2023లో చీలికల మీదే 1,201 మందితో చూశారు. రెండేళ్లలో ఓసీటీతో చేసిన వాళ్లలో 10.1 శాతం మందికి, ఒట్టి యాంజియోతో చేసిన వాళ్లలో 14.1 శాతం మందికి ఇబ్బంది వచ్చింది. మీరు వెళ్లే చోట అది లేకపోతే, అల్ట్రాసౌండ్‌తో నాళం లోపల చూసే ఐవస్ అయినా ఉందా అడగండి. రెండు స్టంట్లు వేస్తామంటూ ఈ రెండిట్లో ఏదీ వాడేది లేదంటే నేనైతే మా ఇంట్లో వాళ్లను ఇంకో చోటికి తీసుకెళ్తాను.

బిళ్లల సంగతి కూడా ఈ లెక్కలోదే. స్టంటులో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటిది ఇంకొకటి కనీసం ఆరు నెలలు, ఎటాక్ వచ్చి ఉంటే ఏడాది. రెండు స్టంట్లు వేస్తే డాక్టరు ఇంకా పొడిగించవచ్చు. పన్ను పీకించుకోవడానికి ఐదు రోజులు ఆపమని ఊళ్లో ఆర్ఎంపీ చెప్పాడని ఆపేసి, నాలుగో రోజే పెద్ద ఎటాక్‌తో వచ్చినవాళ్లను చూశాను. చీలిక దగ్గర ఇనుము ఎంత ఎక్కువుంటే అలా ఆపడం అంత ప్రమాదం. మీ నాయన మందులు మరిచిపోయే మనిషైతే ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి. అది విని రెండు నుంచి ఒకటికి దిగిన సందర్భాలు నాకే ఉన్నాయి.

మీరు రాసినంతలో నా అభిప్రాయం. డయాగనల్ 2.5 ఉందంటే వదిలేసే బ్రాంచి కాదు, వైరు పెట్టి కాపాడుకోవాల్సిందే. లోపల బ్లాకు మూతి దగ్గరే ఆగితే ఒక స్టంటు, పాట్, అవసరమైతే మందు బెలూన్. 10 మిల్లీమీటర్లు దాటి పాకి, సున్నం కూడా ఉంటే హైదరాబాద్ డాక్టరు చెప్పిందే సరి, డీకే ఆయన తరచుగా చేసే పనైతే. బైపాస్ మాట ఎవరైనా ఎత్తితే, షుగర్ ఉండి రెండు మూడు నాళాలు దెబ్బతిన్న వాళ్లకు అది మేలని 2012లోనే తేలింది. మీ నాయనది ఒక్క నాళం కాబట్టి ఆ దారికి ఇప్పుడు పనిలేదు.

ఒక జాగ్రత్త. నొప్పి కూర్చున్నప్పుడో నిద్రలోనో వస్తే, పది నిమిషాలు దాటినా తగ్గకపోతే, గ్యాస్ అనుకుని సోడా తాగించకండి. ఈ పోలికలన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు మేం కూడా ఒక్క స్టంటుతో దారి తెరిచి బయటపడటమే చూస్తాం.

లేదంటే వారం పది రోజులు తొందర లేదు. రిపోర్టు కాగితం పట్టుకుని తిరగకండి, అందులో ఏమీ ఉండదు. యాంజియో చేసిన చోట సీడీ అడగండి, అది మీ హక్కు. ఇద్దరిలో ఎవరికైనా అది చూపించి, డయాగనల్ లోపల బ్లాకు ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి చెప్పమనండి. రెండు నిమిషాల పని. ఆ అంకె, క్రియాటినిన్ రెండూ తెలిశాక చెప్పండి, అప్పుడు ఇంకొంచెం గట్టిగా మాట్లాడుకుందాం.